కడుపులోని క్రిమి – మన తరం ప్రారంభ నిల్వ
(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్లు ఖజానా శాఖలో లెక్కలు చూసినవాణ్ణి. మార్చి నెలాఖరు వచ్చిందంటే కడుపులో మంట మొదలయ్యేది. టెన్షన్, కారం, టీలు అన్నారు. నేనూ నమ్మాను. జేబులో పెన్నుతోపాటు జెలూసిల్ బిళ్లలు ఉండేవి. రిటైరయ్యాక మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకుని నెలల తరబడి మింగాను. ఒకనాడు విరేచనం తారులా నల్లగా అయింది. కళ్లు తిరిగి పడిపోయాను. ఎండోస్కోపీలో పుండు కనబడింది. పరీక్షలో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉన్నట్లు తేలింది.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే వైద్యులు 1982లో ఈ క్రిమిని వేరుచేసి పెంచారు. ఆమ్లంలో క్రిమి బతకదని అంతా కొట్టిపారేశారు. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి కడుపు జబ్బు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక లెక్కలు. 2017లో వెలువడిన ప్రపంచ సమీక్ష ప్రకారం 2015 నాటికి సుమారు 440 కోట్ల మందిలో ఈ క్రిమి ఉంది. నైజీరియాలో నూటికి 88 మందికి, మన దేశంలో 60 మందికి పైగా, స్విట్జర్లాండ్‌లో 19 మందికి ఉన్నట్లు అంచనా. అమెరికాలో తెల్లవారికంటే నల్లవారిలో, మెక్సికో మూలాలవారిలో ఎక్కువ. జపాన్‌లో 1950కి ముందు పుట్టినవారిలో చాలా ఎక్కువ, నేటి పిల్లల్లో చాలా తక్కువ.

ఈ తేడాలకు ప్రధాన కారణం జాతి కాదు, చిన్ననాటి ఇల్లు. ఇది చాలామందికి బాల్యంలోనే ఇంట్లోవారి నుంచి సోకుతుంది. ఇరుకు గదులు, మంచినీటి, మరుగుదొడ్ల కొరత దీనికి తోడు. ఒక్క గదిలో పదిమంది పెరిగిన మన తరానికి ఇది ప్రారంభ నిల్వ. మందు వాడితే తప్ప ఖాతాలోంచి సాధారణంగా పోదు.

భయపడనక్కరలేదు. క్రిమి ఉన్నవారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదు. నూటికి పది పదిహేను మందికి పుండ్లు రావచ్చు. కొద్దిమందికి క్యాన్సర్ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకంగా గుర్తించింది.

మనకు అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ క్రిమికి ఆస్పిరిన్, నొప్పి బిళ్లలు తోడైతే రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది. అలాగని గుండెకు రాసిన ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు మానకండి, డాక్టరును అడగండి. నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడుపడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. శ్వాస పరీక్ష, మల పరీక్షలతో కూడా ఈ క్రిమి బయటపడుతుంది. చికిత్స సాధారణంగా రెండు వారాలే, కాని కోర్సు మధ్యలో ఆపకూడదు. క్రిమి పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి.

నేను ఆ రెండు వారాల మందులూ పూర్తిగా వాడాను. తర్వాతి పరీక్షలో నిల్వ సున్నా అని తేలింది. ముప్పై ఏళ్లు మోసిన మంట అంతటితో తీరింది. ముందే తెలిస్తే ఆసుపత్రిపాలు కాకపోదును. మీకా అవస్థ రాకూడదనే ఈ నాలుగు మాటలు.