కిలోమీటరుకి ఎంత పడుతోంది?

పెట్రోలు బంకులో బండి ఆపగానే మనలో చాలామంది చెప్పే మాట ఒకటే: "అన్నా, రెండొందలకి కొట్టు." లీటర్లలో అడిగేవాళ్లు తక్కువ. ఈ అలవాటులో ఒక నష్టం ఉంది. లీటరు 80 రూపాయలు ఉన్నప్పుడూ రెండొందలే ఇచ్చాం, 110 అయినప్పుడూ రెండొందలే ఇస్తున్నాం. అప్పుడు ట్యాంకులో రెండున్నర లీటర్లు పడేవి. ఇప్పుడు నిండా రెండు కూడా పడవు. ఇచ్చే నోటు మారలేదు కనుక ఖర్చు పెరిగిన సంగతి చేతికి తెలియదు. బంకుకి వెళ్లే సార్లు మాత్రం పెరుగుతాయి. నెలాఖరుకి జీతం ఎందుకు చాలలేదో అంతుపట్టదు.

అందుకని ఇవాళ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ బండి ఒక కిలోమీటరు నడవడానికి ఎంత ఖర్చవుతోంది?

ధర ఎందుకు పెరుగుతుందో ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. కొనేది డాలర్లలో. కాబట్టి చమురు ధర పెరిగినా, రూపాయి విలువ తగ్గినా ఆ భారం మన మీదే. దాని మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకి ఇంతని వేస్తుంది. రాష్ట్రం వ్యాట్ శాతంలో వేస్తుంది. తెలంగాణలో అది 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దాని మీద లీటరుకి మరో నాలుగు రూపాయలు, రోడ్ల కోసం ఒక రూపాయి సెస్సు. పన్ను శాతంలో ఉంటే అసలు ధరతో పాటు పన్ను కూడా పెరుగుతుంది. పెట్రోలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు. హైదరాబాదులో లీటరు వంద దాటింది 2021 జూన్‌లో. 2022 ఏప్రిల్‌లో 119 కూడా దాటింది. ఆ ఏడాది మేలో సుంకం తగ్గించాక కొంత దిగింది. ఇందులో ఏదీ మీరూ నేనూ బంకు దగ్గర నిలబడి మార్చగలిగేది కాదు.

కిలోమీటరు ఖర్చు సంగతి వేరు. అది చాలావరకు మన చేతిలోనే ఉంది.

కొలవడం తేలిక. ఒకసారి ట్యాంకు ఫుల్ చేయించండి. నాజిల్ దానంతటదే ఆగిన చోట ఆపమనండి. మీటరులో కిలోమీటర్ల అంకె రాసుకోండి. రోజూ నడిపినట్టే నడిపి మళ్లీ ఫుల్ చేయించండి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో బిల్లు మీద ఉంటుంది. నడిచిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగిస్తే వచ్చేదే మీ అసలు మైలేజీ. షోరూములో చెప్పింది మరిచిపోండి.

ఇప్పుడు లెక్క చూడండి. లీటరు 110 అనుకుందాం. మీ స్కూటరు లీటరుకి 45 కిలోమీటర్లు ఇస్తుంటే కిలోమీటరుకి రెండు రూపాయల నలభై నాలుగు పైసలు. నిర్లక్ష్యం వల్ల అదే స్కూటరు 40కి పడిపోయిందనుకోండి. మీ వరకు అది లీటరు మీద దాదాపు 14 రూపాయలు పెరిగినట్టే. ప్రభుత్వం అయిదు రూపాయలు పెంచితే ఊరంతా మాట్లాడుకుంటాం. మన బండే మనకు 14 రూపాయలు పెంచేస్తే ఒక్కరమూ గమనించం. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

మైలేజీ ఎక్కడ పోతుంది? ముందుగా టైర్లలో. గాలి తగ్గిన టైరు నేలకి ఎక్కువగా ఆనుతుంది, ఇంజను ఎక్కువ లాగాల్సి వస్తుంది. పంక్చరైతే తప్ప గాలి సంగతి తలుచుకోని వాళ్లు మనలో చాలామంది. ఏ టైరులో ఎంత ఉండాలో కారుకైతే డ్రైవరు వైపు తలుపు తీసిన చోట అంటించి ఉంటుంది. టూవీలరుకి చైను కవరు దగ్గరో, కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. వెనక ఇంకొకరు కూర్చుంటే వెనక టైరుకి కాస్త ఎక్కువ కావాలి. బండి దూరం నడవకముందే, టైరు చల్లగా ఉండగా చూపించుకోండి. బంకులో గాలి ఉచితంగా పట్టాలన్నది నియమం. మిషను పని చేయడం లేదంటే మొహమాటపడకుండా అడగండి. పదిహేను రోజులకొకసారి చాలు.

తర్వాత బ్రేకులు. బండిని సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. రెండు చుట్లలోనే ఆగిపోతే బ్రేకు పట్టేస్తోందన్నమాట. కొందరు కాలు బ్రేకు పెడలు మీదే ఆనించి నడుపుతారు. ముందు వెళ్లే బండి వెనక ఎర్ర లైటు ఆగకుండా వెలుగుతూ ఉంటే ఆయన పెట్రోలు పోసి మరీ బ్రేకు అరగదీసుకుంటున్నాడని తెలుసుకోండి. కారులో ఎడమ కాలు క్లచ్ మీదే ఉంచేవాళ్లకీ ఇదే నష్టం. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు, చైనుకి ఆయిలు ఇవన్నీ సర్వీసింగులో చూస్తారు. ఖర్చు మిగులుతుందని సర్వీసింగు వాయిదా వేస్తే అంతకంటే ఎక్కువ బంకులో కట్టాల్సి వస్తుంది.

నడిపే తీరు కూడా ముఖ్యమే. గంటకి 45 నుంచి 55 కిలోమీటర్ల మధ్య నిలకడగా నడపమని కేంద్రం ఏర్పాటు చేసిన పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్‌ఏ ఎన్నో ఏళ్లుగా చెబుతోంది. సిగ్నలు పచ్చబడగానే ఒక్కసారిగా రైజ్ చేసి, వంద గజాల అవతల మళ్లీ బ్రేకు కొట్టడంలో మిగిలే సమయం ఏమీ ఉండదు. సిగ్నలు టైమరు మీద అర నిమిషం పైన కనిపిస్తే ఇంజను ఆపేయండి.

ఇక్కడొక హెచ్చరిక. తిరుమల ఘాటులోనో, అరకు ఘాటులోనో దిగేటప్పుడు ఇంజను ఆపేసో, న్యూట్రల్ చేసో బండిని వదిలేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంజను ఆగితే కారు బ్రేకులకి బలం తగ్గిపోతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది. పైగా పొదుపూ లేదు. ఇప్పుడొచ్చే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనుకి పెట్రోలు వెళ్లడం దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఉంటేనే తాగుతుంది.

పెట్రోలులోనూ మార్పు వచ్చింది. 2025 నాటికి మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి చేరాం. ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువ. పాత పద్ధతి ఇంజన్లతో వచ్చిన కార్లకు 6, 7 శాతం, టూవీలర్లకు 3, 4 శాతం మైలేజీ తగ్గవచ్చని 2021లోనే నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. కాబట్టి పాత బండి కాస్త తగ్గితే మెకానిక్కుని తిట్టకండి. ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు బాగుందో లేదో చూసుకోండి. ఎక్కువ ధర పెట్టి ప్రీమియం పెట్రోలు కొట్టించే ముందు బండి పుస్తకం చూడండి. మామూలు పెట్రోలు చాలని రాసి ఉంటే ఆ అదనపు డబ్బు దండగ.

బంకులో కొలత మీద అనుమానం వస్తే గొడవ పడక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన అయిదు లీటర్ల పాత్ర బంకులో ఉండాలి. దానితో కొలిచి చూపమని అడిగే హక్కు మీకుంది.

తక్కువ ధర దొరికే చోటు కోసం పరుగెత్తేవాళ్లున్నారు. పుదుచ్చేరి పాలనలో పన్ను తక్కువ కాబట్టి యానాంలో పెట్రోలు చవక. కాకినాడ, కోనసీమ వాళ్లందరికీ ఇది తెలిసిందే. దారిలో పడితే తప్పకుండా కొట్టించుకోండి. పనిగట్టుకుని వెళ్లేముందు మాత్రం లెక్క వేయండి. లీటరుకి పది రూపాయలు తగ్గి, అయిదు లీటర్లు పోయించుకుంటే మిగిలేది యాభై. రానూపోనూ ముప్ఫై కిలోమీటర్లయితే, 60 ఇచ్చే బండి మీద 55 రూపాయలు దారిలోనే అయిపోతాయి.

అసలు బండి తీయనక్కర్లేని ప్రయాణాలు కూడా కొన్ని ఉంటాయి. వీధి చివరి కొట్టుకి బండి ఎందుకు? ఇంజను వేడెక్కకముందే ఆపేసే చిన్న ప్రయాణాల్లోనే పెట్రోలు ఎక్కువ ఖర్చవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు ఉచితం. రద్దీ ఉన్నమాట నిజమే. అయినా వారంలో కొన్ని రోజులైనా ఇల్లాలిని ఆఫీసు దాకా కాకుండా బస్టాపు దాకా దింపగలిగితే, అన్ని కిలోమీటర్ల ఖర్చు తగ్గుతుంది. దీన్ని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండి. ఆవిడకు ఇబ్బందయితే ఆ పొదుపు వద్దు.

ఎలక్ట్రిక్ స్కూటరు కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. వంద కిలోమీటర్లకి సుమారు మూడున్నర యూనిట్లు, యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే కిలోమీటరుకి పావలా. వినడానికి బాగుంది. కానీ మీరు రోజుకి పది కిలోమీటర్లే తిరిగితే నెలకి మిగిలేది ఆరేడు వందలు. దానికోసం మూడు, నాలుగు వేల ఈఎంఐ నెత్తికెత్తుకోవద్దని నా సలహా. డెలివరీ పని మీద రోజుకి వంద కిలోమీటర్లు తిరిగే అబ్బాయి సంగతి వేరు. అతనికి నెల పెట్రోలు అయిదు వేలు దాటుతుంది, కరెంటయితే ఎనిమిది వందల లోపే. అతను కొనాలి. బ్యాటరీకి ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్ల వారంటీ ఉందో కాగితం మీద రాయించుకుని కొనాలి.

రెండు పనులు మాత్రం ఎవరూ చేయకండి. వంట గ్యాసు సిలిండరు నుంచి కారులోకి గ్యాసు ఎక్కించకండి, అది నేరం, ప్రాణాంతకం. రేపు ధర పెరుగుతుందట అని ఎవరో అన్నారని సీసాల్లో, క్యాన్లలో పెట్రోలు ఇంట్లో పెట్టుకోకండి. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె వార్తతో హైదరాబాదు బంకుల ముందు రోడ్డు పొడవునా వరుసలు కట్టారు. ఆ రాత్రికే సమ్మె ఆగింది.

చివరిగా, మనుషులను బండి మీద పనికి పంపే యజమానులకు ఒక మాట. మందుల కంపెనీ రెప్రజెంటేటివులు, కొరియర్ కుర్రాళ్లు, వసూళ్లకు తిరిగేవాళ్లు సొంత బండి మీద మీ పని చేస్తున్నారు. కిలోమీటరుకి మీరిచ్చే అలవెన్సు ఏ సంవత్సరంలో నిర్ణయించారో ఒకసారి ఫైలు తీసి చూడండి. లీటరు 80 ఉన్నప్పటి రేటే ఇంకా నడుస్తుంటే, తేడా వాళ్ల పిల్లల ఫీజుల్లోంచి పోతోంది. ఉద్యోగులారా, మీరు కూడా మీ బండి లెక్క, బిల్లులు కాగితం మీద పెట్టి అడగండి. ఈ నెల జీతాలు వేసేలోగా ఆ రేటు సవరించమని యజమానులందరినీ కోరుతున్నాను.