మారిన ఎల్లలు - మన వంశవృత్తాంతములు
(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగము)



తాతముత్తాతల సంగతులు తెలిసికొనవలెనని మన యువకులు కొందరు కుతూహలము చూపుచున్నారు. సంతోషము. కాని వారిలో పెక్కుమంది నేటి జిల్లా పేరుతో పాత జనాభా లెక్కలు వెదకి, మనవారి జాడ లేదని నిరాశతో మరలుచున్నారు.

2001 లెక్కలలో కోలారు జిల్లా జనసంఖ్య 25,36,069. 2011లో 15,36,401. పది లక్షలమంది ఏమైరి? ఎచ్చటికిని పోలేదు. 2007లో చిక్కబళ్ళాపురము వేరు జిల్లా యయ్యెను. బాగేపల్లి, చింతామణి తాలూకాలు దానిలో చేరినవి. ఆ జిల్లా లెక్క 12,55,104 అని వేరొక పుటలో నున్నది. కావున అంతకు పూర్వపు కాగితమును కోలారు పేరుననే వెదకవలెను.

ఇంకను వెనుకకు పోయినచో తాలూకాల పేర్లును మారును. 1870లలో వెలువడిన రైసు దొరగారి మైసూరు గెజిటీరులో చింతామణి ప్రాంతము అంబాజీదుర్గము తాలూకాగను, బాగేపల్లి ప్రాంతము గుమ్మనాయకనపాళ్యము తాలూకాగను కన్పట్టును.

ఇక మన వియ్యములు మైసూరు సరిహద్దును ఎన్నడు లెక్కచేసినవి? మదనపల్లె నుండి, హిందూపురము నుండి కోడండ్రు రాని యిల్లు మనలో అరుదు. మదనపల్లె 1911 ఏప్రిల్ 1 వరకు కడప జిల్లాలోనిది, ఆపై చిత్తూరు జిల్లాలోనిది, 2022లో అన్నమయ్య జిల్లాలో చేరినది. హిందూపురము 1882కు ముందు బళ్ళారి జిల్లా, పిదప అనంతపురము, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. ఒకే యింట పుట్టిన అక్క కడప జిల్లా యనియు, చెల్లెలు చిత్తూరు జిల్లా యనియు చెప్పుకొనిన, ఇరువురును సత్యమే పలికిరి! వారిద్దరు వేర్వేరు ఊళ్ళవారని తలచి వంశవృక్షమును రెండుగా చీల్చుట మన పొరపాటు.

మరియొక మాట. మైసూరులో 1871 మొదలు జనగణనము జరుగుచున్నను, అచ్చయిన పుస్తకములలో అంకెలే గాని మనుష్యుల పేర్లుండవు. ఇంటింటి వివరముల పత్రములను 1948 నాటి జనగణన చట్టము పరులకు చూడనీయదు. పేర్లు దొరకునది పహణీలలో, జననమరణముల రిజిష్టర్లలో, పాఠశాల ప్రవేశ పుస్తకములలో. వానిలో నైనను ఇంటిపేరు లేకపోవచ్చును. కన్నడ దేశపు వాడుక ననుసరించి ఊరి పేరో, తండ్రి పేరో ముందుంచి వ్రాసిన చోట్ల మన యింటిపేరు జారిపోయినది. దానిని చెప్పగల అవ్వలు ఏటేట తరుగుచున్నారు. కావున రిజిష్టరుకంటె ముందు వారి చెంత కూర్చుండుడు.

వారు చెప్పిన ప్రతి సంగతికిని ఊరు, హోబళి, సంవత్సరము వ్రాసికొనుడు. జిల్లా పేరు ఆ సంవత్సరమును బట్టి తరువాత చూచుకొనవచ్చును. దానిని పెన్సిలుతో వ్రాసినను చాలును.