నోటీసు అందని వేలం

(అంతర్వేదిలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వెన్న శాతం గురించి, దాణా గురించి ఇటువంటి సమావేశాల్లో ఎప్పుడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈవేళ మేము ఎంచుకున్న విషయం వేరు. రైతు బాకీ కింద అతని కొబ్బరితోట కోర్టులో వేలానికి వస్తుంది. పాట కూడా ముగుస్తుంది. ఆ సంగతి ఆ రైతు ఒక్కడికే తెలియదు. ఇది ఎలా జరుగుతుంది, జరిగితే ఏం చెయ్యాలి, జరగకుండా సంఘం ఏం చెయ్యగలదు అనే మూడు ముక్కలు చెప్పి విరమిస్తాము.

మన సఖినేటిపల్లి, రాజోలు ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. ఇంటికి తాళం, లేదా ఇంట్లో ముసలివాళ్ళు. ప్రోనోటు మీద దావా పడుతుంది. అమీనా సమన్లు తెస్తాడు. మనిషి లేకపోతే అతనితో కలిసి ఉంటున్న కుటుంబంలోని పెద్దవారికి, ఆడవారైనా మగవారైనా, ఇవ్వవచ్చు. పనిమనిషికి ఇస్తే చెల్లదు. తగిన ప్రయత్నం చేసినా మనిషి దొరకనప్పుడు, త్వరలో ఇంటికి వస్తాడన్న ఆశ కూడా లేనప్పుడు మాత్రమే తలుపుకు అంటించాలి. ఎప్పుడు, ఎవరి సమక్షంలో అంటించిందీ రాసి కోర్టుకు దాఖలు చెయ్యాలి. ఒక్కసారి వచ్చి, తాళం చూసి, కాగితం అంటించి వెళ్ళిపోతే ఆ కాగితాన్ని గాలి తీసుకుపోతుంది. రికార్డులో మాత్రం అందినట్లే ఉంటుంది. ఆ మీదట ఎక్స్‌పార్టీ డిక్రీ, అమలు దరఖాస్తు, జప్తు, వేలం వరుసగా నడిచిపోతాయి.

చట్టం ఇంత గుడ్డిది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడులో 21వ ఆర్డరు చూడండి. డిక్రీ అయి రెండేళ్ళు దాటాక అమలుకు వచ్చినా, బాకీదారు చనిపోయి వారసుల మీదికి వచ్చినా, ముందుగా నోటీసు ఇవ్వాలని 22వ రూలు. జప్తు చేసేటప్పుడు దండోరా వేయించాలి. ఆస్తి మీద, కోర్టు వద్ద, గ్రామంలోని భూమి అయితే పంచాయతీ ఆఫీసులో కూడా ఉత్తర్వు అంటించాలని 54వ రూలు. వేలం షరతులు నిర్ణయించేటప్పుడు బాకీదారును పిలిచి వినాలని 66వ రూలు. జప్తు సమయంలోనే ఆ తేదీ తెలియజేసి ఉంటే రెండోసారి నోటీసు అక్కరలేదు. అసలే తెలియజేయకపోతే మాత్రం కుదరదు. ప్రకటన కోర్టులో అంటించాక కనీసం 15 రోజులు గడవనిదే స్థిరాస్తి వేలం వెయ్యరాదు.

నోటీసు మీద ఇంత పట్టుదల ఎందుకు? అది అందితే రైతు నాలుగు మాటలు చెప్పుకోగలడు. మొదటిది, బాకీ కట్టేస్తానని. రెండోది, ధర ఇంత ఉంటుందని. కాపుమీద ఉన్న తోటను ప్రకటనలో ఉత్త ఇసుకభూమి అని రాస్తే పాడేవాడు ఇసుక ధరే పాడతాడు. మూడోది, మొత్తం అక్కరలేదు, ఈ చెక్క అమ్మితే బాకీ తీరుతుందని. మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసులో సుమారు 2,400 రూపాయల బాకీకి 10 ఎకరాలు వేలం వేసి 17,000 రూపాయలకు అమ్మారు. బాకీకి సరిపడినంతే అమ్మడం కోర్టు బాధ్యత అని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగోది మన పాడి రైతులు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. వ్యవసాయదారుడి జీవనానికి అవసరమని కోర్టు భావించిన పశువులు, పనిముట్లు, విత్తనాలు, అతను కాపురముండే ఇల్లు జప్తు చెయ్యరాదని 60వ సెక్షను. తాకట్టు పెట్టినవాటి సంగతి వేరు. నోటీసు అందనివాడికి ఈ నాలుగు మాటలూ నోట్లోనే ఉండిపోతాయి.

అందుకే కోర్టులు దీన్ని చిన్న లోపంగా చూడలేదు. 22వ రూలు వంటి నోటీసు లేకుండా జరిగిన అమ్మకం చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1914లోనే చెప్పింది. 66వ రూలు నోటీసు గురించి సుప్రీంకోర్టు 1993లోనూ, మళ్ళీ 2008లోనూ అదే మాట అన్నది.

అయితే కోర్టు తనంతట వచ్చి తలుపు తట్టదు. వేలం రద్దుకు దరఖాస్తు గడువు 60 రోజులు. అది వేలం జరిగిన రోజు నుంచి లెక్క. మనకు తెలిసిన రోజు నుంచి కాదు. ఆ గడువులోగా ప్రకటనలో చూపిన బాకీ, దానితోపాటు పాటదారుకు అతని పాట సొమ్ములో నూటికి 5 వంతులు కోర్టులో కడితే 89వ రూలు కింద ఆస్తి దక్కుతుంది. కట్టలేనివారు, ప్రకటనలో, వేలంలో పెద్ద లోపమో మోసమో జరిగిందని, దానివల్ల నష్టపోయామని 90వ రూలు కింద రుజువు చెయ్యాలి. ధర తక్కువ పలికిందన్న ఒక్క మాట చాలదు. అసలు దావా సమన్లే అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన 30 రోజుల్లో ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకు అడగాలి. గడువు దాటినా, నోటీసే లేదనో, మోసం చేసి దాచారనో ఉంటే దారి పూర్తిగా మూసుకుపోదు. కాని రోజులు గడిచేకొద్దీ ఆ దారి ఇరుకవుతుంది.

ఇక సంఘం వంతు. మన సంఘాలు కూడా ఋణదాతలే. 1964 చట్టం కింద ఉన్న సంఘాల బాకీ వసూలుకు సేల్ ఆఫీసరు డిమాండు నోటీసు ఇచ్చి, జప్తు చేసి, వేలం వేస్తారు. అక్కడి గడువులు వేరు, వాటిని కోర్టు గడువులతో కలపకండి. 1995 చట్టం కింద రిజిస్టరైన సంఘాల పద్ధతి మళ్ళీ వేరు. ఏ పద్ధతైనా, బాకీదారుకూ జామీనుదారుకూ తెలియకుండా వేసిన వేలం సంఘానికి సొమ్ము తేదు, వ్యాజ్యం తెస్తుంది. పాటదారు సొమ్ము వాపసు అడుగుతాడు. వసూలు మళ్ళీ మొదటికి వస్తుంది.

కాబట్టి కార్యదర్శులకు మా మనవి ఇది. సభ్యుల రిజిస్టరులో చిరునామా ఏటా సరిచూడండి. ఊరు విడిచిన సభ్యుడి కుటుంబంలో ఎవరికి కబురు చెయ్యాలో పక్కన రాసుకోండి. పంచాయతీ నోటీసు బోర్డు వారానికొకసారి చూడండి. మీ సభ్యుడి సర్వే నంబరు కనిపిస్తే ఆ పూటే కబురంపండి. కాగితం తీసుకోకపోతే గొడవ ఉండదనుకునేవారికి, నిరాకరించినా అందినట్లే లెక్క అని నచ్చజెప్పండి. కోర్టు కాగితం పట్టుకొని ఎవరైనా పాల కేంద్రానికి వస్తే రాజోలు కోర్టులో వకీలు వద్దకు పంపండి. స్థోమత లేనివారికి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సహాయం ఉందని చెప్పండి.

బాకీ ఎగ్గొట్టమని మేము ఎన్నడూ చెప్పము. అప్పు తీర్చవలసిందే. తీర్చలేనివాడి ఆస్తి అమ్మవలసి వస్తే, అతన్ని ఎదుట నిలబెట్టి, అతని మాట విని అమ్మాలి. సంఘం కూడా తన సభ్యునికి ఆ మర్యాద తప్పకూడదు.