కీళ్ళ జ్వరమా, డెంగీయా?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, జీవితమంతా ఫైళ్ళు కట్టిన గుమాస్తాను. అయినా ఈ విషయం నేనే మాట్లాడతానని కార్యదర్శిగారిని అడిగి తీసుకున్నాను. ఇందులో పొరపాటు చేసినవాణ్ణి నేను గనుక.

2005 డిసెంబరులో మన ఉమ్మడి రాష్ట్రంలో చికున్‌గున్యా బయటపడింది. దేశంలో అంతకు ముందు అది విజృంభించింది 1973లో. ముప్పై రెండేళ్ళ తరువాత వచ్చేసరికి ఎవరికీ ఆనవాలు తెలియలేదు. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షల పైచిలుకు అనుమానిత కేసులు లెక్కకు వచ్చాయి. మనవాళ్ళు దాన్ని 'చికెన్ గున్యా' చేసి, పాపం, కోడికూర మానేశారు. కోడికీ దానికీ సంబంధం లేదు. 1952లో ఆ జబ్బు బయటపడిన నేటి టాంజానియా ప్రాంతంలో, మకొండే భాషలో 'మనిషిని వంచేసేది' అన్న అర్థంతో వచ్చిన పేరు.

ఆ యేడు మా ఇంటావిడకు వచ్చింది. రెండో రోజుకే మణికట్లు, చీలమండలు, వేళ్ళ కణుపులు వాచి బిగుసుకుపోయాయి. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది గాని, తడిబట్ట పిండలేక, చెంబు ఎత్తలేక ఐదు నెలలు బాధపడింది. రెండు వైపులా చిన్న కీళ్ళు పట్టుకోవడం, నెలల తరబడి వదలకపోవడం, ఇదీ దాని గుర్తు.

2019 అక్టోబరులో ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లో మళ్ళీ ఆవిడకే జ్వరం. "మళ్ళీ అదే" అన్నాను. "అది కాదండీ, కీళ్ళు బాగానే ఉన్నాయి. కళ్ళ వెనకాల పోట్లు, నడుం విరిగిపోతోంది" అంది. నేను వినలేదు. మందుల షాపు నుంచి పాత నొప్పుల మాత్ర తెచ్చి వేశాను. చికున్‌గున్యా ఒకసారి వచ్చినవారికి తిరిగి రావడం బహు అరుదని అప్పుడు తెలియదు. తెలిస్తే అనుమానం వేరే వైపు పోయేది. డెంగీలో ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావం ముప్పు పెంచుతాయి. అది డెంగీ కాదని తేలేవరకు పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో.

నాలుగో రోజు ఉదయం జ్వరం దిగింది. సంతోషించి ఇడ్లీ తెచ్చి పెట్టాను. కీళ్ళ జ్వరంలో అయితే అది ఊరటే. డెంగీలో గండం మొదలయ్యేది అక్కడే. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు, జ్వరం దిగే వేళ, సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి, రక్తం చిక్కబడి, బి.పి. పడిపోవచ్చు. సాయంత్రానికి ఆవిడకు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం. చేతులు చల్లబడ్డాయి. కారు మాట్లాడుకుని విజయవాడ ఆస్పత్రికి చేర్చాం. ఆరు రోజులు ఉంచారు. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేమనేవాళ్ళమన్నారు డాక్టరుగారు. ఆ మాట ఇప్పటికీ నాకు నిద్రలో వినిపిస్తుంది.

ఒంటిమీద దద్దు రెండింటిలోనూ వస్తుంది. రెండింటినీ మోసేది ఒకే జాతి దోమ. ఒక్కోసారి రెండు జబ్బులూ కలిసే వస్తాయి. కనుక లక్షణాలు అనుమానించడానికే, తేల్చేది రక్తపరీక్ష. డెంగీకి మొదటి ఐదు రోజుల్లో ఎన్.ఎస్.1, తరువాత ఐ.జి.ఎం. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ధైర్యపడవద్దు, రక్తం ఎంత చిక్కబడిందో కూడా అడగండి. వాంతులవుతున్న మనిషికి బొప్పాయి ఆకు చేదు పట్టించడం నాకైతే నచ్చదు. మనలో చాలామంది గుండెకని రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాం. జ్వరం రాగానే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. మన వయసులో డెంగీకి ఒళ్ళు పెద్దగా కాలకపోవచ్చు కూడా.

మన వరిపొలాల దోమ తెచ్చే మెదడువాపు వేరే సంగతి. అది ఎక్కువగా పిల్లలకు, ఫిట్స్‌తో, స్పృహ తప్పడంతో వస్తుంది. డెంగీ దోమ పగలు కుట్టేది, ఇంట్లోనే పుట్టేది. మా ఇంట్లో కూలరు అడుగున వేసవి నుంచి నిలిచిన నీళ్ళు దొరికాయి. ఇప్పుడు ప్రతి శుక్రవారం డ్రమ్ములు, తొట్లు ఒంపి, లోపలి గోడలు పీచుతో తోముతున్నాను. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయట.

మా ఆవిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. నేను తప్పేదైనా చెప్పి ఉంటే ఇప్పుడే లేచి సరిదిద్దమన్నాను. ఈసారి వింటాను.