ముందు స్క్రీన్‌షాట్ తీయండి



ఆళ్లగడ్డ దగ్గరి తండా నుంచి నంద్యాలకు చదువుకోను వచ్చిన మా హాస్టల్ పాప ఫొటోను తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కులం పేరుతో, మన గోర్ బోలి మాటలతో ఎగతాళి చేశారు. మేమేం చేశాం? ఆ పాప ఫోనే లాక్కున్నాం. చూడకుంటే సరిపోతుందన్నాం. బి.ఇడి.లో ఇది నేర్పలేదు లేండి! పాప మాతో మాట్లాడడమే మానేసింది, ఇంటికి పోతానని పెట్టె సర్దుకుంది. ఈలోగా వాళ్లు మెసేజ్‌లు చెరిపేశారు. బడిలో అడిగితే ‘పిల్లల ఆటలే కదా మేడమ్’ అన్నారు. ఆటా? కులం పేరుతో నలుగురిలో అవమానించేవాళ్ల కోసమే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

ఇప్పుడు ముందు స్క్రీన్‌షాట్ తీయిస్తాం, తేదీ వేసి హెడ్మాస్టరుకు కాగితం మీదే ఇస్తాం. పిల్లల సాయానికి 1098, సైబర్ నేరాలకు 1930 గోడమీద రాసి పెట్టాం. ఫోన్ మాత్రం లాక్కోం.

పాప మళ్లీ బడికి పోతోంది. ఆ గ్రూపులో మాత్రం చేరలేదు.