ఎందుకు పోయినవ్ అని అడగొద్దు
(తూంకుంటలో సాయంత్రం తరగతికి వచ్చే మహిళల కోసం చేసిన ప్రసంగం)



పొద్దంతా పని చేశారు. ఇంటికి పోయి వంట ముగించారు. ఆ తర్వాత పలక పట్టుకుని ఈ తరగతికి వచ్చారు. కొందరు పిల్లను చంకన వేసుకుని వచ్చారు. కొందరు పక్కింటామెను తోడు తెచ్చుకున్నారు.

ఇల్లు దగ్గరే. మరి తోడు ఎందుకు? మూల మీద నలుగురు నిలబడి ఉంటారు. ఏదో ఒకటి అంటారు. అందుకే తోడు. ఈ రోజు మాట దాని గురించే.

తూంకుంట రాజీవ్ రహదారి మీద ఉన్న ఊరు. ఇటు హకీంపేట, బొల్లారం, సికింద్రాబాదు. అటు శామీర్‌పేట, తుర్కపల్లి, కరీంనగర్. వెనకట ఆడవాళ్లు పొలం పనికి గుంపుగా పోయేవారు. గుంపుగా వచ్చేవారు. ఇప్పుడు ఒకామె కంపెనీకి పోతుంది. ఒకామె ఇళ్లలో పనికి పోతుంది. ఒకామె ఫంక్షన్ హాలులో గిన్నెలు తోమి రాత్రి పొద్దుపోయాక వస్తుంది. ఎవరి టైము వారిది. ఎవరి దారి వారిది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది మంచిదే. బస్సు ఎక్కినంతసేపు బాగానే ఉంటుంది. కానీ బస్సు దిగినాక ఇంటిదాకా నడవాలి కదా.

ఒక పిల్ల సంగతి చూద్దాం. ఏ ఊరి పిల్ల అయినా కావచ్చు. ఇంటర్ చదువుతుంది. రోజూ బస్టాపు దగ్గర ఒకడు బండి మీద వస్తాడు. ఈల వేస్తాడు. పాట పాడుతాడు. కొన్నాళ్లకు బండి ఆమె పక్కనే నడిపిస్తాడు. ఫోన్ నంబరు అడుగుతాడు. ఆ పిల్ల దారి మార్చింది. వాడూ దారి మార్చాడు.

ఆ పిల్ల ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అమ్మ అంటుంది, "నువ్వు ఆ దిక్కు ఎందుకు పోయినవ్ బిడ్డా?" నాయిన అంటాడు, "రేపటి నుంచి కాలేజీ బంద్." నాయనమ్మ అంటుంది, "మంచి సంబంధం చూసి చేసేయండి."

తప్పు చేసింది బండి మీద వచ్చినవాడు. చదువు పోయేది పిల్లకు. వాడు రేపు కూడా బస్టాపు దగ్గరే ఉంటాడు. ఇంకో పిల్ల కోసం చూస్తాడు.

పెద్దలు ఒక సామెత చెప్తారు. ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకుకే నష్టం అని. ఈ మాట చెప్పి ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెడతారు. కానీ పొలం దారిలో తుమ్మ ముల్లు కనబడితే ఏం చేస్తారు? దారి మానేస్తారా? ముల్లును తీసి పక్కన పారేస్తారు. వెనక వచ్చేవాళ్ల కాళ్లకు గుచ్చకూడదని. ఇక్కడ కూడా చేయవలసింది అదే.

పేపర్లో దీన్ని "ఈవ్ టీజింగ్" అని రాస్తారు. టీజింగ్ అంటే ఆటపట్టించడం. బావ మరదలిని ఆటపట్టిస్తాడు. అక్కడ ఇద్దరూ నవ్వుతారు. రోడ్డు మీద ఒక్కడే నవ్వుతాడు. రెండో మనిషి తల వంచుకుని, గుండె దడదడలాడుతూ పోతుంది. అది ఆట కాదు. దానికి సరైన పేరు వేధింపు.

ఇప్పుడు జరిగిన సంగతులు రెండు వినండి. రెండూ 2019లో జరిగాయి. రెండూ హైదరాబాదు చుట్టుపక్కలే జరిగాయి.

మొదటిది హాజీపూర్. కీసర అవతల, యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని చిన్న ఊరు. ఆ ఊరికి అప్పట్లో సరిగా బస్సు లేదు. బడి పిల్లలు నడిచి రావాల్సి వచ్చేది, లేదా ఎవరైనా బండి ఎక్కించుకుంటే వచ్చేవారు. 2019 ఏప్రిల్‌లో 14 ఏళ్ల పిల్ల బడి నుంచి ఇంటికి బయలుదేరింది. ఒకడు బండి ఆపి ఎక్కమన్నాడు. కొత్తవాడు కాదు, ఆ ఊరివాడే. పిల్ల ఇంటికి చేరలేదు. మర్నాడు పాడుబడ్డ బావిలో శవం దొరికింది.

పోలీసులు వెతికితే ఇంకా ఇద్దరు పిల్లల సంగతి బయటపడింది. అందులో ఒక పాపకు 11 ఏళ్లు. ఆ పాప 2015లో తప్పిపోయింది. 4 ఏళ్ల దాకా ఆమె ఏమైందో ఎవరికీ తెలియలేదు. ఆ 4 ఏళ్లూ చంపినవాడు ఎవరో బయటపడలేదు. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు వాడికి మరణశిక్ష వేసింది.

ఆ ఊరి జనం అప్పుడు ఏం అడిగారో తెలుసా? శిక్ష వేయమన్నారు. దాంతోపాటు వాగు మీద వంతెన కావాలన్నారు. బస్సు కావాలన్నారు. వాళ్లకు అసలు సంగతి అర్థమైంది. పిల్ల బండి ఎందుకు ఎక్కింది? బస్సు లేక ఎక్కింది.

రెండోది శంషాబాద్ దగ్గర. 2019 నవంబరు 27. ఆమె పశువుల డాక్టరు. తొండుపల్లి టోల్ ప్లాజా దగ్గర స్కూటరు పెట్టి పని మీద పోయింది. రాత్రి తిరిగి వచ్చేసరికి స్కూటరు టైరులో గాలి లేదు. ఆమె కోసం కాచుకున్నవాళ్లే గాలి తీశారు. వాళ్లే సాయం చేస్తామని దగ్గరికి వచ్చారు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. తర్వాత ఫోన్ పలకలేదు. మర్నాడు పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె కాలిన శవం దొరికింది. అసలు పేరు బయట పెట్టకుండా ఆమెను "దిశ" అన్నారు.

ఆ రాత్రి ఇంటివాళ్లు పోలీసుల దగ్గరికి పోయారు. ఇది మా పరిధి కాదు అన్న మాట విన్నారు. విలువైన టైము పోయింది. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు.

అప్పుడు కూడా కొందరు ఆమెనే తప్పు పట్టారు. చెల్లెలికి కాదు, పోలీసులకు ఫోన్ చేయాల్సింది అన్నారు. భయం వేసినప్పుడు మనిషికి ముందు తనవాళ్లే గుర్తుకొస్తారు. అది తప్పు కాదు.

ఇంకొందరు అంటారు, "ఆ నలుగురినీ ఎన్‌కౌంటర్ చేసిండ్రు కదా, సరిపోయింది" అని. 2019 డిసెంబరు 6న ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అప్పుడు చాలామంది సంబరపడ్డారు. సుప్రీంకోర్టు వేసిన కమిషన్ విచారణ చేసింది. పోలీసులు చెప్పినది నమ్మేటట్టు లేదని, కావాలనే కాల్చారని 2022లో చెప్పింది. శిక్ష వేయవలసింది కోర్టు. తుపాకి పేలినంత మాత్రాన ఏ బస్టాపులోనూ లైటు వెలగలేదు. ఏ ఊరికీ బస్సు రాలేదు. ఫిర్యాదు వెంటనే తీసుకోవడం, వెంటనే వెతకడం, ఇవి కావాలి.

చట్టం ఏమంటుంది?

ఢిల్లీలో 2012 డిసెంబరు 16న బస్సులో ఒక అమ్మాయి మీద ఘోరం జరిగింది. దేశమంతా రోడ్డెక్కింది. 2013లో చట్టం మారింది. వెంటపడడం కూడా నేరమే అని అప్పుడు చట్టంలో రాశారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టం వచ్చింది. అందులో ఇలా ఉంది.

ఆడమనిషిని అవమానించేటట్టు మాట అన్నా, సైగ చేసినా, చప్పుడు చేసినా నేరం. అది 79వ సెక్షన్. 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా.

వద్దన్నా వెంటపడితే నేరం. ఫోన్‌లో వెంటపడినా నేరమే. అది 78వ సెక్షన్. మొదటిసారి 3 ఏళ్ల దాకా జైలు. మళ్లీ చేస్తే 5 ఏళ్ల దాకా.

మానం తీసేటట్టు చెయ్యి వేస్తే 74వ సెక్షన్. 1 ఏడాదికి తక్కువ కాకుండా 5 ఏళ్ల దాకా జైలు.

పిల్లకు 18 ఏళ్లు నిండకపోతే 2012లో వచ్చిన పోక్సో చట్టం కూడా ఉంది.

ఇంకో మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఇలాంటి ఫిర్యాదు ఏ పోలీసు స్టేషనులో ఇచ్చినా తీసుకోవాలి. "మా పరిధి కాదు, ఆ స్టేషనుకు పో" అనకూడదు. దీన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ముందు కేసు రాసుకుని, తర్వాత వాళ్లే ఆ స్టేషనుకు పంపాలి. ఇలాంటి కేసుల్లో బాధితురాలు చెప్పే మాటను ఆడ అధికారి రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇవ్వాలి, పైసా తీసుకోకూడదు. ఆడమనిషిని సాక్షిగా స్టేషనుకు రమ్మనకూడదు. ఆమె ఉండే చోటికే వచ్చి అడగాలి.

షీ టీమ్స్ పేరు మీరు విని ఉంటారు. 2014 అక్టోబరు 24న హైదరాబాదులో మొదలయ్యాయి. మర్నాటి ఏడాది తెలంగాణ అంతటా వచ్చాయి. వాళ్లు యూనిఫారం వేసుకోరు. మామూలు బట్టల్లో బస్టాపులో, కాలేజీ దగ్గర, అంగట్లో నిలబడతారు. వేధించేవాణ్ని వీడియో తీసి పట్టుకుంటారు. చాలాసార్లు వాడి తల్లిదండ్రులను పిలిపించి, వాళ్ల ముందే బుద్ధి చెప్తారు. పెద్ద తప్పయితే కేసు పెడతారు.

మూడు నంబర్లు పలక మీద రాయండి. 100. 112. 181. మొదటి రెండూ పోలీసులవి. 181 మహిళల హెల్ప్‌లైన్. ఇవి కళ్లు మూసుకున్నా చేతికి రావాలి. ఇంటికి పోయి పిల్లల చేత కూడా రాయించండి.

ఇక ఫిర్యాదు. నోటి మాట గాలికి పోతుంది. రాసిన మాట నిలబడుతుంది. అక్షరాలు నేర్చింది సంతకం కోసమే కాదు. ఫిర్యాదులో ఐదు సంగతులు ఉంటే చాలు. ఏ రోజు? ఎన్ని గంటలకు? ఎక్కడ? ఏం జరిగింది? ఎవరు చూశారు? బండి నంబరు కనబడితే అదీ రాయాలి. అక్షరదోషాలు ఉన్నా ఫరవాలేదు. భాష బాగా లేదని ఫిర్యాదు ఆగకూడదు.

మరి ఒంటరిగా పోయేటప్పుడు ఏం చేయాలి? ఎక్కేముందు ఆటో నంబరు చూసి ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. డ్రైవరుకు వినబడేటట్టే చెప్పండి. దారి మళ్లినట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా అరవండి. జనం ఉన్న దుకాణం కనబడితే అందులోకి పోండి. ఇవి చేస్తే మంచిది. కానీ ఇవి చేయలేదని ఏ ఆడదాన్నీ తప్పు పట్టకూడదు. ఇంటికి తాళం వేయడం మంచిదే. తాళం వేయకపోయినా దొంగతనం దొంగతనమే.

ఒక్కరి వల్ల కానిది పదిమంది వల్ల అవుతుంది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. అక్కడ కూడా ఇలాంటి రాత్రి బడే. 1990ల మొదట్లో ఆడవాళ్లు చదువు కోసం కూర్చున్నారు. చదువుతో పాటు తాగుబోతు మగవాళ్ల గురించి మాట్లాడుకున్నారు. రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా బంద్ అయింది. వాళ్లేమీ పెద్ద చదువులు చదివినవాళ్లు కాదు. మీలాంటివాళ్లే.

తూంకుంటలో కూడా చేయవచ్చు. ఏ గల్లీలో లైటు లేదో తిరిగి చూడండి. స్తంభం నంబరు రాసుకోండి. అందరూ సంతకాలు చేసి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వండి. ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. ఏ టైములో బస్సు లేదో రాసి ఆర్టీసీ డిపోకు ఇవ్వండి. మందు దుకాణం ముందు రోడ్డు మీదే తాగి అడ్డం పడుతుంటే అదీ రాయండి.

మగవాళ్లకూ పని ఉంది. కిరాణా దుకాణాయన, ఆటో అన్న, టీ కొట్టాయన రోజూ అన్నీ చూస్తారు. "మనకెందుకు" అని తల తిప్పుకుంటారు. ఆ టైములో ఒక్కమాట అంటే చాలు. "ఏం తమ్మీ, ఏంది సంగతి?" అని అడిగితే సగం మంది అక్కడి నుంచి జారుకుంటారు. ఇంట్లో కొడుకు ఉన్న తల్లి కూడా అడగాలి. "నా బిడ్డ ఎక్కడికి పోయింది" అని అడిగేవాళ్లు "నా కొడుకు మూల మీద నిలబడి ఏం చేస్తుండు" అని కూడా అడగాలి.

చివరికి ఆ ఇంటర్ పిల్ల దగ్గరికే పోదాం. ఒక రోజు ఆమె ఇంటికి వస్తుంది. అన్నం తినదు. మూలకు కూర్చుంటుంది. అమ్మ దగ్గరికి పోతుంది. అప్పుడు అమ్మ నోట ఏ మాట వస్తుందో దాని మీదే ఆ పిల్ల చదువు ఆధారపడి ఉంది. "ఎందుకు పోయినవ్" అంటే పిల్ల ఇక నోరు తెరవదు. ఇంకా పెద్ద ఆపద వచ్చినా చెప్పదు. "ఎవడు వాడు? రేపు నేను నీతో వస్తా. ఇద్దరం కలిసి ఫిర్యాదు రాద్దాం" అంటే పిల్ల కాలేజీకి పోతుంది. బస్టాపు ఖాళీ చేయవలసింది వాడు. పిల్ల కాదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి:

1. మీ గల్లీలో పొద్దుగూకినాక ఏ చోట భయం వేస్తుంది? ఎందుకు?
2. మీ బిడ్డ వచ్చి చెప్తే మీరు అనే మొదటి మాట ఏది?
3. ఐదు సంగతులతో ఒక ఫిర్యాదు రాసి చూడండి. పక్కామె చేత చదివించండి.