పప్పు పడదా? పరీక్ష ఏం చెబుతుంది?



ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో "మాకు పప్పు పడదండీ" అనే మాట తరచుగా వింటుంటాం. కందిపప్పు తింటే కడుపు ఉబ్బరిస్తుందని కొందరంటారు. అది అరుగుదలకు సంబంధించిన బాధ. పప్పు తింటే పుండు చీము పడుతుందన్నది వట్టి అపోహ. పుండు మానడానికి పప్పులోని మాంసకృత్తులే కావాలి.

అసలైన అలర్జీ వేరు. శనగపిండి బజ్జీయో వేరుశనగ పచ్చడో తిన్న కొద్ది నిమిషాలకు, సాధారణంగా రెండు గంటల లోపే, ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. మళ్ళీ తింటే మళ్ళీ వస్తాయి. ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఇంటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజక్షన్.

ఇక పరీక్ష సంగతి. ముంజేతి మీద పప్పు సారం చుక్క వేసి, సూదితో పైపైన గుచ్చుతారు. 15 నుంచి 20 నిమిషాల తర్వాత 3 మిల్లీమీటర్లు, అంతకు మించి పొంగితే పాజిటివ్ అంటారు. రక్తంలో ఐజిఇ అనే ప్రతిరక్షకాన్ని కొలిచే పరీక్ష కూడా ఉంది. ఈ రెండూ చెప్పేది ఒక్కటే: మీ శరీరం ఆ పప్పును గుర్తుపట్టి ఉంచుకుంది. తింటే జబ్బు చేస్తుందని మాత్రం కాదు. కర్ణాటకలో పెద్దల మీద జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి సుమారు 26 మందికి ఏదో ఒక ఆహారానికి రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. అలర్జీ ఉండవచ్చని తేలింది నూటికి ఒకరిద్దరికే!

అందుకే కాగితం చూసి పిల్లవాడికి కంది, పెసర, మినుము అన్నీ మాన్పించకండి. ఇడ్లీ, దోసె, పప్పన్నం తీసేస్తే ఆ పసివాడి కంచంలో ఇంకేం మిగులుతుంది? చేపలు, గుడ్లు రోజూ కొనగలిగే ఇళ్ళు ఎన్ని? హాయిగా తింటున్న పప్పును పరీక్ష పేరుతో ఆపనక్కరలేదు. ఐజిజి పేరుతో వందల పదార్థాలకు చేసే ఖరీదైన పరీక్షలు అలర్జీని తేల్చలేవు.

కొల్లేటి లంకల వారికి ఇంకో చిక్కు. ఒకే భోజనంలో పప్పు, చేపల పులుసు, రొయ్యల వేపుడు ఉంటాయి. దద్దుర్లు వస్తే నింద పప్పు మీద పడుతుంది, దోషం రొయ్యది కావచ్చు. బజ్జీల బండి దగ్గర శనగపిండిలో బఠాణీ పిండి కలుస్తుంది, చేపలు వేయించిన నూనెలోనే బజ్జీలూ వేగుతాయి. అనుమానం తీరకపోతే ఆసుపత్రిలో డాక్టరు ఎదుటే కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. దీన్ని ఇంట్లో ప్రయత్నించవద్దు.

పరీక్షకు వచ్చేటప్పుడు ఏం తిన్నారో, ఎంతసేపటికి ఏం జరిగిందో రాసుకుని రండి. సిట్రిజిన్ వంటి మాత్రలు చర్మ పరీక్షను తారుమారు చేస్తాయి. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరును అడగండి. ఉబ్బసం మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. అనుమానం ఉన్న పప్పు మీ వంటింటి డబ్బాలోంచి గుప్పెడు తెచ్చినా మంచిదే.